గ్రాఫీన్ నానోరిబ్బన్లు పెంచాలంటే బంగారమా, వెండా, రాగా?

గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ షీటు, దాని సన్నని పట్టీలే నానోరిబ్బన్లు. వాటిని పెంచే పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ముందు అడిగేది ఏ లోహం మీద పెంచాలి అని. నా సమాధానం ముందే చెప్పేస్తాను: బంగారం, అందులోనూ గోల్డ్(111). బ్రాకెట్‌లోని అంకెలు స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెబుతాయి, (111) అంటే పరమాణువులు అన్నిటికంటే దగ్గర దగ్గరగా సర్దుకున్న ముఖం. అయితే ఈ సమాధానం అందరికీ సరిపోదు. రిబ్బన్ తయారయ్యాక దానితో మీరు ఏం చేయబోతున్నారో తేల్చుకోకుండా లోహం ఎంచుకుంటే, మంచి రిబ్బన్లే వచ్చినా మీ కొలతకు పనికిరాకుండా పోవచ్చు. ఎస్‌టీఎం (సన్నని మొనతో పరమాణువులను చూపించే సూక్ష్మదర్శిని) కింద పెట్టి చూడటానికి వేరు, ఫోటోఎమిషన్‌లో (కాంతి పడితే బయటికొచ్చే ఎలక్ట్రాన్లను కొలిచే పద్ధతి) బ్యాండ్లు, అంటే ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తులు, చూడటానికి వేరు, ట్రాన్సిస్టర్ చేయడానికి వేరు.

అసలు ఇంత కష్టం ఎందుకంటే, గ్రాఫీన్‌కు బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ) లేదు. కరెంటు అద్భుతంగా పారుతుంది గానీ స్విచ్ ఆఫ్ చేయలేం. దాన్ని కొన్ని పరమాణువుల వెడల్పున్న పట్టీగా చేస్తే గ్యాప్ వస్తుంది, కానీ ఎంత వస్తుందన్నది వెడల్పును చాలా కచ్చితంగా పట్టి ఉంటుంది. ఆర్మ్‌చెయిర్ అంచున్న (అంచు చేతుల కుర్చీ ఆకారంలో మలుపులు తిరిగే) రిబ్బన్లను వెడల్పులో ఎన్ని కార్బన్ వరసలు ఉన్నాయో ఆ అంకెతో పిలుస్తారు. బంగారం మీద కొలిచినప్పుడు 7 వరసల రిబ్బన్‌కు సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు, 9 వరసల దానికి సుమారు 1.4. వెడల్పు పెరిగేకొద్దీ గ్యాప్ వరసగా తగ్గుతూ పోతుందనుకోకండి. ఈ రిబ్బన్లు మూడు కుటుంబాలుగా విడిపోతాయి, 5, 8, 11 వరసల కుటుంబానిది ఎప్పుడూ చిన్న గ్యాపే, అందుకే 5 వరసలది 7 కంటే సన్నగా ఉన్నా గ్యాప్ తక్కువ. అంటే ఒక్క వరస అటూఇటూ అయితే పదార్థమే మారిపోతుంది. గ్రాఫీన్ షీటును లితోగ్రఫీతో కోస్తే అంచులు గరుకుగా వస్తాయి, ఈ స్థాయి కచ్చితత్వం దానివల్ల కాదు. అందుకే అణువుల్ని ఒకదానికొకటి అతికించి కింది నుంచి కట్టుకురావడం మొదలైంది.

ఆ దారి తెరిచింది 2010లో నేచర్‌లో వచ్చిన పని. స్విట్జర్లాండ్‌లోని ఎంపా ప్రయోగశాలలో రోమన్ ఫాసెల్ బృందం, జర్మనీ మైంజ్‌లోని మాక్స్ ప్లాంక్ పాలిమర్ సంస్థలో క్లాస్ మ్యూలెన్ బృందం కలిసి చేశారు. వాళ్లు వాడిన అణువు పేరు పొడుగు, అందరూ డీబీబీఏ అంటారు: రెండు ఆంథ్రసీన్ (వరసగా అతుక్కున్న మూడు బెంజీన్ వలయాలు) ముక్కలు మధ్యలో ఒకే బంధంతో కలిసి ఉంటాయి, అటొక బ్రోమిన్, ఇటొక బ్రోమిన్. దీన్ని అల్ట్రా హై వాక్యూమ్‌లో ఆవిరి చేసి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిమీదున్న బంగారం మీదకు వదులుతారు. లోహం తగలగానే బ్రోమిన్ బంధం తెగుతుంది, మిగిలిన అణువు రెండు చేతులూ ఖాళీగా ఉపరితలం మీద తిరుగుతూ ఇంకోదాన్ని కలిసి అతుక్కుంటుంది, అలా గొలుసు పెరుగుతుంది. ఉల్‌మాన్ 1901 నాటికే రాగి సాయంతో చేసి చూపించిన కలయిక ఇది, కాకపోతే ఇక్కడ గాజు పాత్ర లేదు, ద్రావణి లేదు, లోహపు ముఖమే పాత్ర. ఈ దశలో గొలుసు ఇంకా చదునుగా ఉండదు, పక్కపక్క ఆంథ్రసీన్ల హైడ్రోజన్లు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల ఒకటి ఇటు, ఒకటి అటు ఒరిగి ఉంటుంది. ఎస్‌టీఎంలో ఆ ఎగుడుదిగుడు సుమారు 0.86 నానోమీటర్లకోసారి చుక్కల్లా కనిపిస్తుంది. తర్వాత 400 డిగ్రీలకు తీసుకెళ్తే పక్క హైడ్రోజన్లు ఊడిపోయి కార్బన్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి, గొలుసు మొత్తం చదునుగా పడుకుంటుంది, 0.74 నానోమీటర్ల వెడల్పున్న 7 వరసల రిబ్బన్ తయార్. హైడ్రోజన్ ఊడి వలయం మూసుకునే ఈ రెండో అడుగునే సైక్లోడీహైడ్రోజనేషన్ అంటారు.

ఈ రెండు అడుగుల మధ్య ఉష్ణోగ్రతలో దూరం ఎంతుందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, లోహాలను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది అదే. గొలుసు పూర్తిగా పెరగకముందే హైడ్రోజన్లు ఊడటం మొదలైతే, ఆ హైడ్రోజనే వెళ్లి గొలుసు చివరనున్న ఖాళీ చేతిని పట్టుకుంటుంది. అక్కడితో ఆ గొలుసు పెరుగుదల ఆగిపోయినట్టే, మళ్లీ బ్రోమిన్ లేదు కాబట్టి తెరుచుకోదు. పొట్టి రిబ్బన్లు రావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

మూడు లోహాలు, ఒకే అణువు

బంగారం దగ్గర ఈ రెండు అడుగులూ విడివిడిగా, నింపాదిగా జరుగుతాయి. బంగారం అణువును గట్టిగా పట్టుకోదు, తిరగనిస్తుంది. కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య లోహపు పరమాణువు ఇరుక్కునే మధ్యదశ సాధారణంగా కనిపించదు. రిబ్బన్ తయారయ్యాక కూడా పట్టు ఎంత తక్కువంటే, 2016లో సైన్స్‌లో వచ్చిన ప్రయోగంలో ఏఎఫ్ఎం (ఉపరితలాన్ని సూదితో తడిమి చూసే సూక్ష్మదర్శిని) సూదితో రిబ్బన్‌ను బంగారం మీద దాదాపు ఘర్షణ లేకుండా జరిపి చూపించారు. అంతకుముందు 2012లో ఎస్‌టీఎం మొనతో ఒక చివర పట్టుకుని పైకి లేపి, అందులోంచి కరెంటు కూడా కొలిచారు. రాగి మీద అంత సులువుగా లేస్తుందని ఆశపడలేం.

వెండి మధ్యస్థం. 2010 నాటి పనిలోనే సిల్వర్(111) మీదా 7 వరసల రిబ్బన్లు వచ్చాయి, కాబట్టి వెండి పనిచేయదని ఎవరైనా అంటే నమ్మకండి. తేడా దారిలో ఉంది. వెండి బ్రోమిన్‌ను బంగారం కంటే తక్కువ వేడిలోనే తెంపేస్తుంది, తర్వాత వెండి పరమాణువే రెండు అణువుల మధ్యకొచ్చి కార్బన్, వెండి, కార్బన్ అనే వంతెన కడుతుంది. ఇంకాస్త వేడి చేస్తే ఆ వెండి తప్పుకుని కార్బన్లు నేరుగా కలుస్తాయి. ఈ వంతెన బంధం అంత గట్టిది కాదు, విడిపోయి మళ్లీ కలవగలదు, కాబట్టి అణువులు తప్పుగా కలిసినా సర్దుకునే అవకాశం ఉంటుంది. ప్రతిచర్య ఎలా నడుస్తుందో అడుగడుగునా చూడాలన్నదే మీ ఆసక్తి అయితే వెండి చాలా మంచి ఎంపిక, బంగారం మీద దాక్కునే దశ ఇక్కడ కంటికి కనిపిస్తుంది. రిబ్బన్లే కావాలి, దారి అక్కర్లేదు అనుకుంటే వెండి వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

ఇక రాగి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోహాన్ని పెనంలా ఊహించుకుంటాం: పెనం మారితే దోసె కాస్త మెత్తగానో కరకరలాడుతూనో వస్తుంది, అంతేగానీ దోసె ఇడ్లీ అయిపోదు కదా అని. రాగి విషయంలో సరిగ్గా దోసె ఇడ్లీ అవడమే జరుగుతుంది. బంగారం మీద ఆర్మ్‌చెయిర్ అంచులిచ్చిన అదే డీబీబీఏ, కాపర్(111) మీద వేరే రిబ్బన్ ఇస్తుంది. దాని అంచులో జిగ్‌జాగ్ ముక్కలూ ఆర్మ్‌చెయిర్ ముక్కలూ వంతులవారీగా వస్తాయి, దాన్ని (3,1) కైరల్ రిబ్బన్ అంటారు, ఆ అంకెలు అంచు ఏ దిశలో సాగుతుందో చెబుతాయి. కారణం రాగికున్న చురుకుదనం. గది ఉష్ణోగ్రతలోనే బ్రోమిన్‌ను తెంపేస్తుంది, అంతటితో ఆగకుండా కార్బన్ హైడ్రోజన్ బంధాల జోలికీ వెళ్తుంది, హైడ్రోజన్లు ఊడటం కూడా బంగారం కంటే చాలా తక్కువ వేడిలో, 250 డిగ్రీల ప్రాంతంలోనే మొదలవుతుంది. దాంతో అణువులు ఎక్కడ కలవాలన్నది బ్రోమిన్ ఉన్న చోటు నిర్ణయించదు, రాగి ఉపరితలానికీ అణువుకూ కుదిరే అమరిక నిర్ణయిస్తుంది. దీని మీద కొన్నేళ్లు వాదన నడిచింది, ఆర్మ్‌చెయిరే అని ఒక పక్షం, కైరల్ అని ఇంకో పక్షం. 2016లో నాన్ కాంటాక్ట్ ఏఎఫ్ఎంతో బంధాలు విడివిడిగా కనిపించేంత దగ్గరగా తీసిన చిత్రాలు కైరల్ వైపే తేల్చాయి. ఇంత స్పష్టంగా ఉన్న విషయం మీద కూడా మామూలు ఎస్‌టీఎం చిత్రాలతో ఏళ్ల తరబడి తేలలేదంటే, మీ మొదటి చిత్రం చూసి రిబ్బన్ రకం రాసేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అలాగని కైరల్ రిబ్బన్ కావాలంటే రాగే దిక్కు అని కూడా కాదు. అదే అణువులో బ్రోమిన్లను 2,2' స్థానాలకు మార్చి చూస్తే, బంగారం, వెండి, రాగి మూడింటి (111) ముఖాల మీదా (3,1) రిబ్బన్లే వచ్చాయని 2016లోనే చూపించారు. ఈ ఫలితం నాకు చాలా నచ్చుతుంది, ఎంపికలో పెత్తనం ఎవరిదో ఇది తేల్చి చెబుతుంది: అణువు ఆకారమే కావలసిన కలయికకు అనుకూలంగా ఉంటే లోహం పెద్దగా జోక్యం చేసుకోదు, అణువు ఇబ్బందిగా కలవాల్సి వస్తే మాత్రం చురుకైన లోహం తన దారి తాను చూసుకుంటుంది. కాబట్టి కైరల్ కావాలన్నా నా ఓటు అణువును మార్చుకుని బంగారం మీదే పెంచడానికి. రాగి మీద పెంచితే రిబ్బన్‌కూ లోహానికీ మధ్య పట్టు ఎక్కువ, ఎలక్ట్రానిక్ కొలతల్లో రిబ్బన్ ఏది, రాగి ఏది అని విడదీయడం కష్టం. కాపర్(110) ఇంకా మొండిది, అక్కడ డీబీబీఏ గొలుసులు కట్టకుండా ఎక్కడివక్కడ చిన్న నానోగ్రాఫీన్ ముక్కలుగా మూసుకుంటుంది.

మరి రాగి ఎవరికి? ఉపరితల రసాయనమే మీ విషయం అయితే, తక్కువ వేడిలో ఏం జరుగుతుందో చూడాలంటే, బంధాలు తెగే క్రమాన్ని లోహాల మధ్య పోల్చాలంటే రాగి లేకుండా కథ పూర్తి కాదు. అంతకుమించి మొదటి నమూనాకు రాగి ఎంచుకోవడాన్ని నేను సమర్థించలేను. రాగి చవక అన్న వాదన ఇక్కడ నిలవదు, వాక్యూమ్ చాంబర్‌కూ పంపులకూ అయ్యే ఖర్చు ముందు స్ఫటికం ధరలో తేడా లెక్కలోకి రాదు, పైగా ఒకే స్ఫటికాన్ని ఆర్గాన్ అయాన్లతో శుభ్రం చేసి, వేడి చేసి ఏళ్ల తరబడి వాడుకుంటాం.

బంగారమే అనుకున్నాక ఏ బంగారం

రిబ్బన్ గతి మారేది ఎక్కువగా ఇక్కడే, అయినా చాలామంది దీని మీద నిమిషం కూడా ఆలోచించరు.

మామూలు గోల్డ్(111) స్ఫటికం మీద రిబ్బన్లు మూడు సమానమైన దిశల్లో పడతాయి, ఎస్‌టీఎం వాళ్లకు దాంతో ఏ ఇబ్బందీ లేదు, ఒక్కో రిబ్బన్‌నే చూస్తారు కాబట్టి. ఫోటోఎమిషన్ వాళ్లకు అదే పెద్ద తలనొప్పి. ఆ పద్ధతి ఒకేసారి బోలెడు రిబ్బన్ల నుంచి సిగ్నల్ తీసుకుంటుంది, అవన్నీ తలోదిక్కు చూస్తుంటే బ్యాండు ఏ దిశలో ఎలా వంగుతుందో చెప్పలేం. అలాంటప్పుడు గోల్డ్(788) కావాలి. దీన్ని (111) నుంచి కొద్దిగా వాలుగా కోస్తారు, అందువల్ల ఉపరితలం సుమారు 3.8 నానోమీటర్ల వెడల్పున్న సన్నని మెట్లుగా ఉంటుంది. రిబ్బన్లు మెట్ల వెంబడే, అన్నీ ఒకే దిశలో పెరుగుతాయి. 7 వరసల రిబ్బన్ బ్యాండ్లను 2012లో ఫోటోఎమిషన్‌తో చూడగలిగింది ఈ మెట్ల వల్లే.

పరికరం చేయాలంటే ఈ రెండింటికంటే మైకా (అభ్రకం) మీద పూసిన పలుచని బంగారం పొర మేలు. ఎందుకంటే పరికరం కోసం రిబ్బన్‌ను లోహం మీంచి తీసి ఆక్సైడ్ మీదకు మార్చాలి, లోహం మీదే ఉంచితే కరెంటంతా లోహంలోంచే పోతుంది. మైకా నుంచి బంగారం పొరను యాసిడ్ మీద తేలేలా విడదీసి, సిలికాన్ ముక్క మీద వేసి, అయోడిన్, పొటాషియం అయోడైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించేస్తే రిబ్బన్లు ఆక్సైడ్ మీద మిగులుతాయి. బంగారం కరిగిపోతుంది కాబట్టి ఖరీదైన స్ఫటికాన్ని ఎవరూ అలా వాడరు. మార్చాక రిబ్బన్లు బతికున్నాయో లేదో చూడటానికి రామన్ (లేజర్ కాంతితో అణువుల కంపనాలు చూసే పద్ధతి) చాలు, 7 వరసల రిబ్బన్ వెడల్పు మొత్తం ఊపిరి తీసినట్టు సాగి ముడుచుకునే కంపనం సెంటీమీటర్‌కు 396 తరంగాల దగ్గర కనిపిస్తుంది, ఆ శిఖరం బదిలీ తర్వాత కూడా అక్కడే ఉంటే నిర్మాణం చెక్కుచెదరలేదని అర్థం. 9 వరసల రిబ్బన్లతో 2017లో చేసిన ట్రాన్సిస్టర్లలో సుమారు 20 నానోమీటర్ల చానెల్‌లోంచి (రెండు లోహపు తీగల మధ్య దూరం) 1 మైక్రోఆంపియర్ పైన కరెంటు వచ్చింది, ఆన్‌కూ ఆఫ్‌కూ తేడా సుమారు లక్ష రెట్లు. ఒక నానోమీటర్ కూడా వెడల్పు లేని పట్టీలోంచి!

అల్ట్రా హై వాక్యూమ్ అందుబాటులో లేనివాళ్లు ఇక్కడితో ఆశ వదులుకోనక్కర్లేదు. మైకా మీది బంగారం పొర మీదే, ట్యూబ్ ఫర్నేస్‌లో సీవీడీ (ఆవిరి నుంచి ఉపరితలం మీద పెంచే) పద్ధతిలో వాతావరణ పీడనం దగ్గరే 9 వరసల రిబ్బన్లు పెంచవచ్చని మ్యూలెన్ బృందం, సహచరులు 2017లో చూపించారు. ఒక్కో పరమాణువును చూసి సరిచూసుకునే అవకాశం ఉండదు, రామన్ మీద ఎక్కువ ఆధారపడాలి. అయినా పెద్ద పరిమాణంలో పదార్థం కావాలనుకునేవాళ్లకు నేను ముందు ఇదే చూడమంటాను.

అణువు ఎంపిక

7 వరసల రిబ్బన్ ఎక్కువ అధ్యయనం అయింది, మొదటిసారికి భయం లేని దారి, గాలిలో కూడా బాగానే నిలుస్తుంది. ట్రాన్సిస్టర్‌కు మాత్రం దాని గ్యాప్ మరీ ఎక్కువ, లోహపు తీగ నుంచి కరెంటు లోపలికి ఎక్కడానికే అడ్డం పెరుగుతుంది. 9 వరసలది అందుకే పరికరాల వాళ్లకు ఇష్టం. దాన్ని తయారుచేసే అణువును రెండు రకాలుగా తీసుకోవచ్చు, బ్రోమిన్‌తోనో అయోడిన్‌తోనో. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు, అయోడిన్ తీసుకోండి. అయోడిన్ బంధం బలహీనం, తక్కువ వేడిలోనే తెగుతుంది, గొలుసు కట్టడం ముందే మొదలవుతుంది, హైడ్రోజన్లు ఊడే ఉష్ణోగ్రత మాత్రం అక్కడే ఉంటుంది. అంటే ఇందాక చెప్పిన దూరం పెరుగుతుంది. 2018లో ఎంపా వాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు రిబ్బన్ల సగటు పొడవు సుమారు 15 నానోమీటర్ల నుంచి 45కు పెరిగింది. చానెల్ 20 నానోమీటర్లు ఉన్నప్పుడు 15 నానోమీటర్ల రిబ్బన్ అటు తీగకూ ఇటు తీగకూ అందదు, 45ది అందుతుంది. మొత్తం పని అక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది.

జిగ్‌జాగ్ అంచుల రిబ్బన్ అందరికీ ఆకర్షణే, అంచుల్లో అయస్కాంత గుణం ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది కాబట్టి. 2016లో 6 వరసల జిగ్‌జాగ్ రిబ్బన్ గోల్డ్(111) మీద వచ్చింది. కానీ అంచు స్థితులు బంగారంతో కలిసిపోయి కనిపించవు, రిబ్బన్‌ను మొనతో ఉప్పు పొర మీదకు జరిపాకే బయటపడ్డాయి. పైగా ఆ అంచులు గాలి తగిలితే నిలవవు. మంచి ఎస్‌టీఎం, ఓపిక రెండూ ఉంటే తప్ప దీంతో మొదలుపెట్టకండి.

గ్యాప్ అంకెల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. 7 వరసల రిబ్బన్‌కు ఒంటరిగా ఉంటే సుమారు 3.7 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుందని లెక్కలు చెబుతాయి, బంగారం మీద కొలిస్తే 2.3 వస్తుంది. రిబ్బన్‌లో లోపం ఉందని కంగారు పడనక్కర్లేదు, కింద ఉన్న లోహం ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను కప్పేయడం వల్ల గ్యాప్ తగ్గుతుంది. ఒక పరిశోధన పత్రంలోని అంకెను ఇంకో పత్రంలోని అంకెతో పోల్చేటప్పుడు కింద ఏముందో తప్పకుండా చూడండి.

లోహమే వద్దనుకుంటే రెండు దారులున్నాయి, రెండింటినీ క్లుప్తంగా చెబుతాను. జర్మేనియం(001) మీద మీథేన్‌తో సీవీడీ చేసి 10 నానోమీటర్ల లోపు వెడల్పున్న ఆర్మ్‌చెయిర్ రిబ్బన్లను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఆర్నాల్డ్ బృందం 2015లో పెంచింది. నేరుగా అర్ధవాహకం మీదే పెరుగుతాయి, అంచులు నున్నగా ఉంటాయి, కానీ అన్నీ ఒకే వెడల్పు ఉండవు, అదీకాక జర్మేనియం కరిగే 938 డిగ్రీలకు కాస్త కిందనే పనిచేయాలి. రెండోది టైటానియం డయాక్సైడ్ మీద ఫ్లోరిన్ ఉన్న అణువులతో 2020లో చేసిన పని. బదిలీ గొడవే ఉండదు కాబట్టి దీనికి మంచి భవిష్యత్తు ఉందని నమ్ముతున్నాను, కానీ ఇవాళ మొదలుపెట్టి ఫలితం చూడాలనుకునే విద్యార్థికి సిఫారసు చేయను.

బంగారం మీద మొదలుపెట్టాక వేడి విషయంలో తొందర వద్దు. 200 దగ్గర గొలుసులకు తగినంత సమయం ఇచ్చి, అక్కడ ఆగి ఒక చిత్రం తీసి, ఎగుడుదిగుడు చుక్కలు సరైన దూరంలో ఉన్నాయని చూసుకున్నాకే పైకి వెళ్లండి. రిబ్బన్లు దట్టంగా పరుచుకున్నప్పుడు 400 దాటి ఇంకా బాగా పైకి వెళ్తే పక్కపక్క రిబ్బన్లు అంచులు కలిపేసుకుని 14, 21 వరసలవిగా మారతాయి. కావాలని చేసేవాళ్లూ ఉన్నారు, మీకు 7 వరసలవే కావాలంటే అది పదార్థం పాడైనట్టే. అణువు కొనేటప్పుడో చేయించేటప్పుడో స్వచ్ఛత నివేదికలో ఒకే బ్రోమిన్ ఉన్న మలినం ఎంత ఉందో ప్రత్యేకంగా అడగండి, రెండో చేయి లేని ఆ అణువు ఎక్కడ చేరితే గొలుసు అక్కడే ఆగుతుంది, దాన్ని ఏ లోహమూ సరిచేయలేదు.